‘మిలిటెంటు’ శబ్దార్థ విచారము

ఇంగ్లండు దేశమున స్త్రీలు వోటుహక్కునకై సలిపిన యుద్యమమును గూర్చి వెలసిన గ్రంథములం దన్నిఁట నొక విభాగము కానవచ్చును. శాసనమునకు లోఁబడి యర్జీలును సభలును ఊరేగింపులును నడపినవా రొక తెగ. ‘మిలిటెంటు’ లనఁబడినవారు వేఱొక తెగ. మొదటి తెగకు మిల్లిసెంటు ఫాసెట్టు నాయకురాలు, రెండవ తెగకు ఎమ్మెలీను పాంఖరస్టు. ఫాసెట్టు నడపిన సంఘము 1897లోను, పాంఖరస్టు సంఘము 1903 అక్టోబరు 10వ తేదీని మాంచెస్టరు నగరములోను ఏర్పడినవి. ఈ విభాగమును మొదటఁ గల్పించినవారు చరిత్రకారులు గారు. నాఁటి పత్రికలును మంత్రులును దానిని వ్యవహారమునకుఁ దెచ్చిరి. ఉద్యమమునం దున్నవారు కొందఱు గర్వముతోడను కొందఱు కోపముతోడను దానిని స్వీకరించిరి. పిదప వచ్చిన గ్రంథకర్తలు పరీక్షింపకయే పరిగ్రహించిరి.

ఆ శబ్దము తెలుఁగునఁ బ్రవేశించినపుడు చిక్కు మఱింత హెచ్చినది. ‘సమరశీల’ యని కొందఱు, ‘ఉగ్ర’ యని కొందఱు, ‘తీవ్రవాద’ యని మఱికొందఱు వ్రాయుదురు. పాఠశాలలోఁ జరిత్ర చెప్పు నుపాధ్యాయుఁడు ‘తీవ్రవాద’ శబ్దమును వాడెనేని నేఁటి బాలుని మనస్సునకుఁ దోఁచునది తుపాకియు బాంబును. జనాభా లెక్కల రాత్రి తన పేరు చెప్పనన్న గృహిణియు, ఉత్తరాల పెట్టెలో నిప్పు వైచిన యువతియు నొక్క మాటలో నిమిడిపోవుదురు. ఒక శబ్దమున కనేకార్థము లుండుట దోషము గాదు. నానార్థశబ్దములు నిఘంటువుల నిండ నున్నవి. కాని వానిని బ్రయోగించువాఁడు ప్రకరణమునుబట్టి యర్థమును నియమింపవలెను. ఈ యుద్యమచరిత్రలం దా నియమము లోపించినది. లోపించుటచే బాధ పెట్టినవారికి బాధపడినవారి కీర్తియు, బాధపడినవారికి బాధ పెట్టినవారి యపకీర్తియు సంక్రమించినవి.

ఈ యుద్యమమే శబ్దవివాదమునఁ బుట్టిన దన్నచో నతిశయోక్తి గాదు. 1866లో సుమారు వేయి యైదువందల మంది స్త్రీలు చేవ్రాళ్లు చేసిన యర్జీని జాన్ స్టూవర్టు మిల్లు పార్లమెంటున సమర్పించెను. మఱుసటి సంవత్సరము మే 20వ తేదీని, చర్చలో నున్న వోటుహక్కు బిల్లునుండి ‘మాన్’ అను పదమును దీసి ‘పర్సన్’ అను పదము నుంపవలసినదని యాతఁడు సవరణ తెచ్చెను. 73 వోట్ల కెదురుగా 196 వోట్లతో నది వీఁగిపోయెను. అప్పటికే 1850 నాఁటి శాసన మొకటి, చట్టములందలి పుంలింగ శబ్దములు విశేషవిధి లేనిచోట స్త్రీలనుగూడఁ జెప్పునని విధించి యుండెను. దాని నాధారముగాఁ గొని మాంచెస్టరున వేలకొలఁది స్త్రీలు తమ పేళ్లను వోటర్ల పట్టీలోఁ జేర్పింపఁ జూచిరి. 1868లో న్యాయస్థానము, వోటు విషయమున ‘మాన్’ శబ్దమునందు స్త్రీ చేరదని తీర్పు చెప్పెను.

వైయాకరణున కేకశేషము క్రొత్తది గాదు. స్త్రీవాచకముతోడఁ జెప్పఁబడిన పురుషవాచక మొక్కటియే మిగిలి యిరువురను బోధించుట పాణినీయమున విహితము. ‘పితరౌ’ యనఁగాఁ దల్లియుఁ దండ్రియు. ఐనను, పన్ను గట్టునెడ నేకశేషము ప్రవర్తించును, వోటు వేయునెడఁ బ్రవర్తింపదని యే వైయాకరణుఁడును జెప్పియుండలేదు. ఆంగ్ల న్యాయాధిపతుల తీర్పువలనఁ దేలిన దదియే. పన్ను విధించు చట్టమందలి పుంలింగము స్త్రీని విడువలేదు. హక్కు నిచ్చు చట్టమందలి పుంలింగ మామెను దాఁకలేదు.

ఇచ్చటఁ దెలుఁగు వ్యాకరణము తలఁపునకు రాక మానదు. మన భాషలో స్త్రీవాచక మేకవచనమున జడములతోడను తిర్యక్కులతోడను జేరి ‘అది వచ్చినది’ యనఁబడును. బహువచనమునఁ బురుషులతోఁ గలసి ‘వారు వచ్చిరి’ యనఁబడును. ఒంటిగా నున్నపు డమహత్తు, గుంపు గూడినపుడు మహత్తు. చిన్నయసూరి చెప్పినది భాషాస్థితియే కాని లోకస్థితి గాదు. ఐనను, గుంపు గూడినఁ గాని మహత్త్వము దొరకదని యాంగ్లస్త్రీలు గ్రహించుటకు మిల్లు సవరణనుండి నలువది యేండ్లు పట్టెను. 1907 ఫిబ్రవరి 9వ తేదీని ఫాసెట్టు సంఘమువారు మూఁడువేలకుఁ బైఁగాఁ జేరి వానలో బురదలో లండను వీథుల నడచిరి. ఆ నడక కింగ్లీషున ‘బురద నడక’ యనియే పేరు. 1908 జూను 21వ తేదీని పాంఖరస్టు సంఘమువారు హైడుపార్కునఁ గూర్చిన జనమును రెండున్నర లక్షలని తక్కువగాను అయిదు లక్షలని యెక్కువగాను లెక్కించిరి.

1906లో డెయిలీ మెయిలు పత్రిక ‘సఫ్రజిస్టు’ శబ్దమునుండి ‘సఫ్రజెట్టు’ అను రూపమును గల్పించెను. ‘ఎట్టు’ ప్రత్యయ మల్పార్థమున వచ్చును. సంస్కృతమున ‘క’ ప్రత్యయము అల్పార్థమునను కుత్సార్థమునను వచ్చి ‘అశ్వకము’ మొదలగు రూపములను సాధించునట్టిదే యిది. అశ్వకమన్న మాటలో గుఱ్ఱముపై నెంత గౌరవమో, సఫ్రజెట్టన్న మాటలో స్త్రీలపై నంత గౌరవము. పాంఖరస్టు సంఘమువారు దానిని ద్రోసిపుచ్చక 1912లోఁ దమ పత్రికకే పేరుగాఁ బెట్టుకొనిరి. నింద బిరుదమైనది. ‘మిలిటెంటు’ శబ్దమునకును నీ గతియే పట్టెను.

ఆ శబ్దమునకు మొదటి యర్థ మేది? 1905 అక్టోబరు 13వ తేదీని మాంచెస్టరు ఫ్రీట్రేడు హాలులో సర్ ఎడ్వర్డు గ్రే లిబరలు కక్షి పక్షమునఁ బ్రసంగించెను. ఎమ్మెలీను కూఁతురు క్రిస్టబెల్ పాంఖరస్టు, నూలుమిల్లులోఁ బనిచేసిన ఆనీ కెన్నీ యను నిరువురు లేచి, లిబరలు ప్రభుత్వము స్త్రీలకు వోటు నిచ్చునా యని యడిగిరి. ప్రత్యుత్తరము రాలేదు. మరల నడిగిరి. వెలుపలికి నెట్టఁబడిరి. క్రిస్టబెలు పోలీసుపై నుమిసినదని నేరము మోపిరి. జుల్మానా గట్టినచో విడిచిపుచ్చెదరు. ఇరువురును గట్టక చెఱసాలకుఁ బోయిరి. క్రిస్టబెలునకు నేడు దినములు, కెన్నీకి మూఁడు దినములు. ఆనాఁటి ‘మిలిటెంటు’ క్రియ యనఁగా నొక ప్రశ్న, రొక్క మీయననుట, చెఱ. పోలీసునకుఁ గలిగిన యవమాన మొక్కటి దక్కఁ దక్కిన క్లేశమంతయుఁ దమదే.

మఱుసటి యేఁడు అక్టోబరున పార్లమెంటు భవనములో నల్లరి చేసిరని కొందఱు స్త్రీలను జెఱకుఁ బంపిరి. వారిలో నుదారవాద నాయకుఁడైన రిచర్డు కాబ్డెను కూఁతు రొకతె. దక్షిణాఫ్రికాలోని భారతీయుల పక్షమున రాయబారమునకై గాంధి యప్పుడే లండనునకు వచ్చియుండెను. మాటలకంటెఁ జేఁతలు మేలను శీర్షికతో వారిని మెచ్చి తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికకు వ్యాసము వ్రాసెను. అతఁడు మెచ్చినది ముఖ్యముగా జుల్మానా గట్టక చెఱకుఁ బోవుటను. మూఁడేండ్లకు, 1909లో, మరల లండనునకు వచ్చినపుడు వారి త్యాగమును మెచ్చుచునే హింసను మెచ్చలేదు. ఈ నడుమ మాఱిన దేది?

ధాతువునకు ఫలము, వ్యాపారము నని రెండర్థములని వైయాకరణ సిద్ధాంతము. వ్యాపారమున కాశ్రయము కర్త, ఫలమున కాశ్రయము కర్మ. ఆ రెండును వేఱువేఱు చోట్ల నున్నచో ధాతువు సకర్మకము. ఒక్కచోటనే యున్నచో నకర్మకము. వండువాఁడు వేఱు, ఉడుకు బియ్యము వేఱు. నిద్రించువాఁడును నిద్రాఫలము ననుభవించువాఁడు నొక్కఁడే. ఉద్యమక్రియలను బరీక్షించుట కింతకంటె సూక్ష్మమైన కొలత యక్కఱలేదు. శాసనము నుల్లంఘించుట రెండు తెగల క్రియలలోను సమానమే కావచ్చును. ఆ క్రియవలనఁ గలుగు క్లేశ మెక్కడ నిలుచును? చేసినవానియందా, వేఱొకనియందా? ‘మిలిటెంటు’ శబ్ద మీ ప్రశ్నను గప్పివైచినది.

అకర్మకక్రియల జాబితా పొడవైనదే. 1906లో డోరా మాంటిఫియోరు వోటు లేనిదే పన్ను గట్టనని లండనునందలి హామర్‌స్మిత్తులో నింటి తలుపులు మూసికొని వారములకొలఁది జప్తు బంట్రోతులను లోనికి రానీయలేదు. 1909లో నిందులకే ప్రత్యేక సంఘ మేర్పడినది. పంజాబు మహారాజు రణజిత్ సింగు మనుమరాలు సోఫియా దులీప్ సింగు దానిలోఁ జేరి, కుక్కలకును బండికిని లైసెన్సులు తీయక, ఆభరణములు జప్తై వేలమునకు వచ్చినను జలింపలేదు. 1911 ఏప్రిలు 2వ తేదీ రాత్రి జనాభా లెక్కలు వ్రాయునపుడు, మనుష్యులలోఁ జేరనివారిని మనుష్యులలో లెక్కింప నేల యని పలువురు స్త్రీలు పేరు చెప్పకుండిరి. కొంద ఱిల్లు వదలి రాత్రియెల్ల వెలుపలఁ గడపిరి. 1907లోఁ బాంఖరస్టు సంఘమునుండి విడివడిన షార్లటు డెస్పార్డు, టెరీసా బిల్లింగ్టన్-గ్రెగ్ ప్రభృతులు స్థాపించిన విమెన్స్ ఫ్రీడం లీగు ఇట్టి పద్ధతులకే ప్రసిద్ధమైనది. 1908 అక్టోబరు 28వ తేదీని ఆ లీగుకుఁ జెందిన మ్యూరియల్ మాటర్సు పార్లమెంటులో స్త్రీలు కూర్చుండు గ్యాలరీ ముందఱి యినుప జాలకమునకు గొలుసుతోఁ దన్ను బంధించుకొని ప్రసంగించెను. గొలుసు నూడఁదీయలేక భటులు జాలకముతోఁ గూడ నామెను దీసికొనిపోవలసివచ్చెను. ఈ లీగును ‘మిలిటెంటు’ సంఘములలోనే చరిత్రకారులు లెక్కించిరి.

అకర్మకక్రియలలో నుత్తమోదాహరణము కారాగారోపవాసము. 1909 జూలైలో మారియను వాలెస్ డన్లప్ అను చిత్రకారిణి, రాజునకు విన్నపము చేయుట ప్రజల హక్కని చెప్పు పూర్వశాసన వాక్యమును పార్లమెంటు భవనపు గోడమీఁద సిరాతో ముద్రించి చెఱకుఁ బోయెను. రాజకీయఖైదీగాఁ జూడవలెనని యామె కోరిక. వారు చూడలేదు, ఆమె తినలేదు. 91 గంటలైన పిమ్మట విడిచిపెట్టిరి. ఈ యుపాయమును సంఘమువా రామెకుఁ జెప్పియుండలేదు, స్వయముగాఁ దోఁచినది. దీనిని ‘ప్రాయోపవేశ’ మని యనువదించుట సరి గాదు. ఘోషయాత్రలో నవమానము పొందిన దుర్యోధనుని ప్రాయోపవేశము గాని, సీత జాడ గానక సుగ్రీవునకు జడిసిన యంగదాదుల ప్రాయోపవేశము గాని యెవ్వరిని నేమియు నడుగుట గాదు. చావు నిశ్చయించుకొనుట మాత్రమే. శ్రీరాముని మరలింప భరతుఁడు పర్ణశాల ముంగిట దర్భలు పఱపించి పరుండఁబూనిన ‘ప్రత్యుపవేశము’ దీనికి దగ్గఱ. అది యొకని యెదుట, ఒకటి కోరి, తన దేహమును బణముగాఁ బెట్టుట. క్షత్రియుని కది తగదని రాముఁడు వారించె ననుటయు నిచ్చట స్మరింపఁదగినది. బలముగలవాఁ డా యుపాయమును గైకొన్నచో నది బలాత్కారమగును. వోటు లేని స్త్రీ కా యాక్షేపము తగులదు.

1909 సెప్టెంబరులో బర్మింగుహాము చెఱసాలలో ప్రభుత్వమువారు ప్రతిక్రియ నారంభించిరి. ముక్కునుండి కాని నోటినుండి కాని గొట్టమును జొనిపి యాహారమును బోయుట. గతి, బుద్ధి, భోజనములను జెప్పు ధాతువులకుఁ బ్రేరణార్థమున, మొదటి కర్త కర్మ యగునని పాణిని విధించెను. బాలుఁ డన్నము తినును. తల్లి బాలుని నన్నము తినిపించును. తినువాఁడు కర్తృత్వమును గోలుపోయి కర్మత్వమును బొందుట యిచ్చట విశేషము. ఆ తల్లి వాక్యమున నది ప్రేమ. చెఱసాలలో నలుగు రైదుగురు పట్టుకొనఁగా వైద్యుఁడు గొట్టము దింపునెడ నా వాక్యమే ఘోరమైనది. ఉపవాసమున కర్తయుఁ గ్లేశాశ్రయమును దానే యయిన స్త్రీని ప్రభుత్వము బలవంతముగాఁ గర్మగాఁ జేసెను. తనయందే నిలిచిన క్లేశము నెదిరించుట కధికారులకు వేఱు దారి దొరకలేదు.

ఈ ఘట్టమున లేడీ కాన్‌స్టెన్స్ లిట్టన్ చరిత్ర విస్తరించి చెప్పఁదగినది. ఆమె తండ్రి 1876 మొదలు 1880 వఱకు హిందూదేశమునకు వైస్రాయి. రాయలసీమ వృద్ధులు తరతరములు చెప్పుకొన్న ధాత కరు వాతని కాలముననే వచ్చినది. ఆ ప్రభువు కూఁతురు 1909 అక్టోబరున న్యూకాసిలు నగరమున నొక మోటారుపై ఱాయి విసరి చెఱకుఁ బోయి యుపవసించెను. హృద్రోగమున్నదని వైద్యులు చెప్పఁగా నధికారు లామెకు గొట్టము పెట్టక విడిచిపెట్టిరి. ఆ దయ రోగమునకా వంశమునకా యని యామెకు సందేహము కలిగెను. సందేహనివృత్తికై 1910 జనవరిలో జుట్టు కత్తిరించుకొని, కండ్లద్దాలు పెట్టుకొని, చౌకబట్టలు గట్టి, జేను వార్టన్ అను పేరఁ గుట్టుపనిదానివలె లివర్‌పూలున మరలఁ జెఱఁబడెను. అచ్చట హృదయమును సరిగా బరీక్షించినవారు లేరు. ఎనిమిదిసారులు గొట్టముతో నాహారము పోసిరి. పర్యాయపదములు రెండును నొక్క యర్థమునే చెప్పునని శాస్త్రము. కాన్‌స్టెన్స్ లిట్టన్, జేను వార్టన్ అను రెండు పదముల కర్థమొక్క దేహమే, హృదయ మొక్కటే, రోగ మొక్కటే. చెఱసాలవారి వ్యవహారమున మాత్ర మర్థము మాఱినది. 1912లో నామెకుఁ బక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. ఎడమచేతితో వ్రాసిన యామె గ్రంథము 1914లో వెలువడెను. 1923లో మరణించెను. ఈ యుద్యమ వాఙ్మయమున నాయకురాండ్రు వ్రాసికొన్న సంపుటములకంటె నా గ్రంథము మిక్కిలి విలువగలది. ఏలనన, రచయిత్రి తన్నుఁ గూర్చి కాక వార్టనువంటి పేదలను గూర్చి పరీక్ష చేసినది.

ఇఁక సకర్మకక్రియలు. 1908 జూను 30వ తేదీని మేరీ లీ, ఈడిత్ న్యూ అనువారు ప్రధానమంత్రి యింటి కిటికీలపై ఱాళ్లు విసరిరి. ఱాయి రువ్వుట కోపమువలననే పుట్టినదని చెప్పుట సగము సత్యము. 1910 నవంబరు 18వ తేదీని, ‘నల్ల శుక్రవార’ మని పేరొందిన నాఁడు, సుమారు మున్నూఱుమంది స్త్రీలు పార్లమెంటునకు విన్నపము కొనిపోఁగా నాఱు గంటలసేపు పోలీసు లరెస్టు చేయక నెట్టిరి, కొట్టిరి, మానభంగకరముగాఁ బట్టి లాగిరి. సోఫియా దులీప్ సింగు నాఁడు ముందువరుసనే యుండెను. పిదపఁ బెక్కండ్రు కనుగొన్న దేమనఁగా, ఒక గాజుపలక పగులఁగొట్టినచోఁ దత్క్షణమే యరెస్టు. దేహమునకు దెబ్బలు తప్పును. తన క్లేశమును గాజుపైకి మార్చుట యది. 1912 ఫిబ్రవరిలో హాబ్‌హౌసను మంత్రి బ్రిస్టలున మాటలాడుచుఁ, బూర్వము పురుషుల వోటు కొఱకు నాటింగుహాము కోట తగులఁబడినట్టి ప్రజాక్షోభము స్త్రీల విషయమునఁ గనఁబడదని ఎత్తిపొడిచెను. మంత్రియే దృష్టాంతము నందిచ్చెను. మార్చి 1వ తేదీని లండను పెద్ద యంగళ్ల కిటికీలు వరుసగాఁ బగిలినవి.

అటుపిమ్మటి వేగము భయంకరము. అక్టోబరున, ఈ పోకడకు సమ్మతింపని పెథిక్-లారెన్సు దంపతులు సంఘమునుండి తొలఁగింపఁబడిరి. 1913 ఫిబ్రవరి 19వ తేదీని లాయిడ్ జార్జి కొఱకుఁ గట్టుచున్న యింట బాంబు ప్రేలెను. మఱునాఁడు క్యూ తోఁటలోని పానీయశాల కాలిపోయెను. ప్రాణములకు హాని చేయుట లేదు, సొత్తునకు మాత్రమే యని పాంఖరస్టు పక్షమువారి వాదము. ఈ వాదము గ్రంథములం దెట్లున్నను సంఘటనలలో నిలువలేదు. 1912 జూలైలో డబ్లినున ప్రధాని ఆస్క్విత్తు బండిపై విసరిన చిన్న గొడ్డలి ప్రక్కనున్న రెడ్మండునకుఁ దగిలి గాయమయ్యెను. 1913లో డండీ పట్టణమున భాస్వరము పోసిన యుత్తరములను దాఁకి తపాలా నౌకరులు కాలిరి. ఆ నౌకరులు వోటు నిరాకరించినవారు గారు. సకర్మకక్రియకుఁ గర్మ యెవఁడో ముందుగా నెఱుఁగరాకుండుటయే యిందలి దోషము.

పూర్వపక్ష మొకటి బలమైనదే. ఱాయి విసరినవారే యుపవసించిరి. లిట్టను చేతను ఱాయి యున్నది. కర్త యొక్కఁడే యైనపుడు క్రియలను విడదీయుట యెట్లు? దీనికి సమాధానము: కర్త యేకమైనను గ్రియ లేకము గావు. దేవదత్తుఁడు వండును, దేవదత్తుఁడు నిద్రించును అన్న వాక్యములందు దేవదత్తుని యేకత్వముచే వంట నిద్ర కాదు. అహింసకుఁ బేరొందిన లీగువారును శుద్ధులు గారు. 1909 అక్టోబరు బెర్మండ్సే యుపయెన్నికలో వారు వోటు పెట్టెను రసాయనద్రవముతోఁ జెఱుపఁబూనఁగా నెన్నికల యధికారి కన్ను గాయపడెను. కావున సంఘములకుఁ బేళ్లు పెట్టుటకంటెఁ గ్రియలకుఁ బేళ్లు పెట్టుట మేలు. లీగు స్థాపకురాలైన బిల్లింగ్టన్-గ్రెగ్ 1911లోఁ దన గ్రంథమున మిలిటెంటు విధానమును లోపలినుండి విమర్శించుచు, ఒక పూట తిరుగుబాటుదారులమనియు మఱొక పూట నేరమెఱుఁగక బాధపడిన యబలలమనియు రెండు వేషములు గట్టుట తగదని చూపెను. క్రియాభేదము నెఱుఁగక కర్తనే స్తుతించుటవలన వచ్చు దోషమిదియే.

రెండవ పూర్వపక్షము ఫలమునుబట్టి. ఱాళ్లు లేనిదే హక్కు రాకుండెడిదని యొకరు, ఱాళ్లవలన నాలస్యమైనదని యొకరు. ఫాసెట్టు 1920లో వ్రాసిన గ్రంథమును, ఆమె శిష్యురాలు రే స్ట్రేచీ 1928లో వ్రాసినదియుఁ జదివినవారికి ఓర్పును సంఘటనమును విజయహేతువులుగాఁ దోఁచును. ఎమ్మెలీను పేర 1914లో వెలువడిన స్వీయచరిత్ర యుద్ధప్రకటనవలె నున్నది. 1931లో నామె కూఁతురు సిల్వియా వ్రాసిన పెద్ద గ్రంథము, తల్లిమీఁది భక్తి, అక్క క్రిస్టబెలుమీఁది యాగ్రహము, తూర్పు లండను కూలి స్త్రీలపై ప్రేమ కలగలిసి, చరిత్రగాఁ గంటె సాక్ష్యముగా విలువైనది. ఈ గ్రంథములలో నేదియు ఫలవివాదమును దీర్పఁజాలదు. 1914లో యుద్ధము వచ్చి పాంఖరస్టు క్రియలు నిలిచిపోయినవి. 1918 ఫిబ్రవరి 6వ తేదీ శాసనము ముప్పదియేండ్లు దాఁటి యాస్తి నియమములకు లోనైన స్త్రీలకు వోటు నిచ్చెను. పురుషులతో సామ్యము 1928లోఁ గాని రాలేదు. హేతువు లనేకములైనచోట నొకదానినే హేతువనుట తర్కము గాదు.

ఐతే ఫాసెట్టు గ్రంథమున నొక వాక్యము విమర్శకుల దృష్టిని దాఁటరాదు. 1913 జూను 4వ తేదీని డెర్బీ పందెమున రాజు గుఱ్ఱమున కడ్డుపడి నాలుగు దినములకు మరణించిన ఎమిలీ డేవిసనును గూర్చి, ఆ పద్ధతి నేనాఁడు నంగీకరింపని ఫాసెట్టు ధైర్యమును బ్రశంసించెను. 2018లో లండను పార్లమెంటు స్క్వేరున నిలిపిన ఫాసెట్టు విగ్రహము చేతి పతాకమున నా ప్రశంసావాక్యమే చెక్కఁబడినది. పందెపు గుఱ్ఱపు రౌతు గాయపడిన మాట విగ్రహమున లేదు. డేవిసను చావఁదలఁచెనా, గుఱ్ఱమునకుఁ బతాకము గట్టఁదలఁచెనా యన్నది నేఁటికిని వివాదాస్పదమే.

అమెరికాకుఁ బోయినచో ‘మిలిటెంటు’ శబ్ద మెంత బోలుదో తెలియును. హాలోవే చెఱసాలలో 1909లో గొట్టపు దండన ననుభవించిన ఆలిస్ పాల్ స్వదేశమునకు మరలి, 1917 జనవరి 10వ తేదీ మొదలుకొని వాషింగ్టనున అధ్యక్షభవనము ముంగిట బిడ్డింగులవలె మాటలాడక పతాకములు పట్టుకొని నిలుచు స్త్రీలను నియమించెను. వారు గాజు నొక్కటి పగులఁగొట్టలేదు. నిలుచుటయే నేరమై చెఱఁబడి, దెబ్బలు తిని, ఉపవసించి, గొట్టముల ననుభవించిరి. వారినిగూడ మిలిటెంటులనిరి. నిలుచుట ధాతుపాఠమున నకర్మకమే.

ఈ సంకరమునుండి బయటపడినవాఁ డొకఁడు దక్షిణాఫ్రికాలో నుండెను. తన యుద్యమమునకు వ్యవహారములో నున్న ‘పాసివ్ రెసిస్టెన్స్’ అను పేరు బలహీనుల యాయుధమను నర్థము నిచ్చుననియు, ద్వేషమునకును హింసకును జోటిచ్చుననియు గాంధి గ్రహించి, మేలైన పేరు సూచింపుఁడని పత్రికలోఁ బ్రకటించెను. మగన్‌లాల్ గాంధి ‘సదాగ్రహ’ మని సూచింపఁగా దానిని ‘సత్యాగ్రహ’ మని మార్చెను. దక్షిణాఫ్రికా సత్యాగ్రహచరిత్రలో నీ పేరిడుటను వివరించుచు నాంగ్లస్త్రీల యుద్యమమునే యుదాహరించి, వారి పద్ధతిలో శరీరబలప్రయోగము నిషిద్ధము గాదని భేదమును జెప్పెను. సమాసశుద్ధిని గూర్చి పండితులు వాదింపవచ్చును. అర్థశుద్ధిని గూర్చి వాదములేదు. క్రియకుఁ బేరిడుటలో జాగరూకత యెంతటి పని చేయునో యీ యుదాహరణము చూపును.

తెలుఁగు దేశమునకు నీ చర్చతో సంబంధము దూరపుది గాదు. ఐర్లండున 1908లో స్త్రీల వోటుహక్కు సంఘమును హానా షీహీ-స్కెఫింగ్టనుతోఁ గూడి స్థాపించిన మార్గరెట్ కజిన్స్, 1910లో లండనున ప్రధాని వీథిలోఁ గిటికీలు పగులఁగొట్టి హాలోవేలో నొక నెల యుండెను. 1913లో డబ్లిను కోట కిటికీలు పగులఁగొట్టి టలమోరు చెఱసాలకుఁ బోయి, రాజకీయఖైదీ మర్యాదకై యుపవసించి దానిని సాధించెను. 1915లో భర్తతోఁ గూడ హిందూదేశమునకు వచ్చెను; ఆ భర్త మదనపల్లె కళాశాలకుఁ బ్రధానోపాధ్యాయుఁడయ్యెను. 1919లో రవీంద్రుఁ డచ్చటికి వచ్చినపుడు ‘జనగణమన’ గీతమునకు స్వరలిపి వ్రాసిన దీమెయే. 1917లో నడయారున నేర్పడిన భారత మహిళాసంఘమున కీమె స్థాపకులలో నొకతె. ఆ డిసెంబరు 18వ తేదీని మద్రాసున సరోజినీ నాయుఁడు ముందు నడవఁగా మాంటేగు కడకు స్త్రీల వోటు నడుగఁబోయిన రాయబారమును గూర్చిన దీమెయే. ఱాయి లేదు, అర్జీ మాత్రమే. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీల వోటునకు సమ్మతించెను. 1932లో, ప్రభుత్వపు అత్యవసర శాసనములను సభలలో ఖండించినందుల కామెను మద్రాసున నిర్బంధించి యొక యేఁటి శిక్ష విధింపఁగా, ఒకప్పుడు తానే గౌరవ న్యాయాధికారిణిగాఁ గూర్చున్న యా పరగణానుండి వేలూరు చెఱసాలకుఁ బోయెను. అప్పటి కామెకు నేఁబదినాలు గేండ్లు. డబ్లిను కోట కిటికీల నాఁటి స్త్రీయు వేలూరు నాఁటి స్త్రీయు నొక్కతెయే. చరిత్రకారులు రెంటికిని నొక్క ‘మిలిటెంటు’ శబ్దమునే వాడిరి.